ఇద్దరూ వేసిన పేడ

మొగుడూ పెళ్ళాలకు మాటల్లేకపోతే మామూలు ఇంట్లో కూర మాడుతుంది. చెరువున్న ఇంట్లో చేపలు చస్తాయి.

ఆ సంగతి అల్లుడికి పొద్దున్నే గట్టెక్కగానే తెలిసింది. చిత్తడి నేలలో, మామగారి జాగాలో తవ్విన చెరువది. చేపలన్నీ పైకి తేలి, నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. ఎరువని వేసే పేడ ఎక్కువైతే ఇంతే. అది కుళ్ళుతూ నీళ్ళలోని గాలినంతా మింగేస్తుంది.

నిన్న తట్టెడు వేసింది తనే. మరి ఇంత కంపేమిటి? అవతలి గట్టు మీద పెళ్ళాం నిలబడి ఉంది, చేతిలో ఇంకో తట్ట.

"నువ్వూ వేశావా?"

"మీరు వేశారా? వేశానని చెప్పి ఏడవొచ్చుగా!"

అలక మొదలయ్యాక ఇద్దరికీ అవే తొలి పలుకులు.

అంతలో మామగారు దిగారు, వెనకాల మట్టి ట్రాక్టరుతో. చెరువు బాగుంటే సరి, లేకపోతే ఇవాళే పూడ్చి గోదాం కడతానని ఆయన పంతం.

నీళ్ళ వంక చూడగానే ఆయన మొహం చాటంతయింది. "ఒరే డ్రైవరూ, నేనొచ్చానని ఎన్ని పైకొచ్చాయో చూడరా! అల్లుడూ, వీటిని పూడిస్తే పాపం తగులుతుందయ్యా!"

నోరు మూసుకుంటే చెరువు దక్కుతుంది. కానీ మధ్యాహ్నానికి చేపలు వెల్లకిలా పడతాయి. అల్లుడు గుటక వేశాడు, అచ్చం చేపలాగే.

"మామయ్యా, అవి మీ కోసం రాలేదు. ఊపిరాడక వచ్చాయి. పేడ ఇద్దరం వేసేశాం. నీళ్ళు బాదితే గాలి కలుస్తుంది. మీరూ దిగాలి."

మామగారి మీసం వాలిపోయింది. "నేనా? అందులోనా?"

ఆయన కూతురు అప్పటికే తట్టలో పేడ గట్టు మీద కుమ్మరించి, బట్టలతోనే దూకింది. నడుంలోతు నీళ్ళను తట్టతో బాదుతూ మొగుడి మీద తిట్లు అందుకుంది. "ఒక్క మాట చెబితే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"నీవి మాత్రం రాలాయా?" అంటూ అల్లుడూ దూకి, ఇంకా గట్టిగా బాదాడు.

కూతుర్ని అంత మాట అన్నందుకు మామగారు ప్యాంటు మడిచి దిగారు, అల్లుణ్ణి కొట్టడానికే. దెబ్బ గురి తప్పి నీళ్ళ మీద పడింది. అక్కడున్న చేప గిరుక్కున తిరిగి అడుక్కి పోయింది. ఆయన కళ్ళు మెరిశాయి. రెండో దెబ్బ కావాలనే నీళ్ళ మీద వేశారు.

కాసేపటికి తేలే నోళ్ళు పలచబడ్డాయి. తిట్లూ అయిపోయాయి. మొగుడూ పెళ్ళాల చేతులు నెమ్మదించాయి.

మామగారు మండిపడ్డారు. "ఆపారేంటర్రా? ఆ మూల ఇంకా ఎగశ్వాస తీస్తున్నాయి! అమ్మాయ్, మీ ఆయన నిన్ను ఇంకా ఏమేం అన్నాడో గుర్తు తెచ్చుకో. ఒరే డ్రైవరూ! ఆ మట్టి ఎక్కడైనా పారబోసి, మా ఇంట్లో నీళ్ళ మోటారు పట్రా!"