పెనంతో చెప్పిన మాట

మారహాలిం నాన్న బూడిదతో పెనం తోముతున్నాడు. తాటిచెట్టులాంటి బర్గోత్ చెట్ల నీరా కాచి బెల్లం వండే ఇనప పెనం అది, రెండు చేతులు చాచినంత వెడల్పు. అంచున పగిలినచోట ఎప్పుడో వేయించిన అతుకు ఉంది. అతనికి ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. అయినా అరవై ఎనిమిదేళ్ల వయసులో రోజుకు ఎనిమిది చెట్లు ఎక్కి గెలలు గీస్తాడు.

అతనికీ ఒక పేరుంది. ఆ పేరు పెట్టి పిలవగలిగిన పెద్దలంతా పోయారు. కొడుకు పుట్టిన రోజు నుంచి అతను మారహాలిం నాన్నే. ఆ కొడుకు మూడేళ్ల కిందట జ్వరంతో పోయాడు. పిలుపు మార్చడం అమర్యాద కదా, ఊరంతా రోజుకు పదిసార్లు పోయినవాడి పేరు పెట్టే తండ్రిని కేకేస్తుంది. కొడుకు వస్తున్నాడేమోనని అతను ముందు వెనక్కి తిరిగి చూస్తాడు, ఆ తర్వాతే పలుకుతాడు.

ఇంట్లో మిగిలింది కోడలు దెర్హానా ఒక్కతే. మామా కోడలూ ఎదురుబొదురు మాట్లాడుకోకూడదు, మొహాలు చూసుకోకూడదు. కొడుకు ఉన్నన్నాళ్లూ మధ్యలో వాడు మాట మోసేవాడు. వాడు పోయాక పెనమే దిక్కయింది.

వెదురు దడికి అవతల నుంచి ఆమె, "పెనమా, అన్నం మూతపెట్టి ఉందని చెప్పు" అంటుంది.

ఇవతల నుంచి అతను, "పెనమా, ఉప్పు ఎక్కువైందని మాత్రం చెప్పకు" అంటాడు.

దడి వెనక నవ్వు ఆపుకున్న చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినడానికే అతను వారానికోసారి ఉప్పుకు వంక పెట్టేవాడు.

పన్నెండు రోజుల కిందట ఆమె వేరే మాట అంది. "పెనమా, సిదెంపువాన్ పట్నంలో సలాక్ పళ్ల తోట ఉన్నాయన నన్ను చేసుకుంటానంటున్నాడు. మామయ్యగారు సరేనంటేనే. పై వారం శుక్రవారం వాళ్ల మనుషులు వస్తారట."

పుట్టింటివాళ్లకు ఓలి డబ్బిచ్చి తెచ్చుకున్న కోడలు. మామ నోటి మాట లేకుండా వెళ్తే పుట్టింటివాళ్లు కూడా గడప తొక్కనివ్వరు. అతను ఆ పన్నెండు రోజులూ ఉప్పు సంగతి కూడా ఎత్తలేదు. ఆమె వెళ్లిపోతే పెనం ఒట్టి ఇనుమే, ఇంట్లో అతనితో మాట్లాడే దిక్కుండదు. అతనికి భయమేసింది.

ఇవాళ గురువారం. సగం తోమిన పెనం మీద చేయి ఆగింది. దడి వైపు చూడకుండా గొంతు సవరించుకున్నాడు.

"పెనమా, వెళ్లమని చెప్పు. నా కళ్లెదుట ఆ పిల్ల ముసలిదైపోతే పోయినవాడు నన్ను క్షమించడు. రేపు వాళ్లొస్తే నేనే ఎదురెళ్తాను. నా తిండికేం దిగులు పెట్టుకోవద్దను. ఇన్నేళ్లూ ఉప్పు తిన్నాను, ఇక చప్పిడి తింటాను."

దడి వెనక బుట్ట ఒరిసిన చప్పుడు, ఆ తర్వాత గరగరమని ఏదో. ఏడుస్తోందనుకున్నాడు. కోడలి ఏడుపు చెవిన పడటమే తప్పు, తొంగి చూడటం ఇంకా తప్పు. కత్తి, వెదురు గొట్టాలు భుజాన వేసుకుని గబగబా మెట్లు దిగాడు.

ఇంటి దగ్గర నీళ్లు రావడం లేదని దెర్హానా అతను పెనం ముందు కూర్చోకముందే వాగుకు వెళ్లింది. రెండు బిందెలతో తిరిగొచ్చేసరికి దడి వెనక కోడిపెట్ట వడ్ల బుట్ట ఎక్కి కాళ్లతో గీరుతోంది.

"నీ దుంప తెగ" అని దాన్ని తరిమింది. మామ ఎప్పుడో వెళ్లిపోయాడు.

"ఇవాళ కూడా ఏమీ అనలేదా, పెనమా?" అంది దడి వెనక నుంచే.

మా అడవిలో వేటాడి తిరిగే ఆయన్ని అక్కడ పేరు పెట్టి అనరు, తాతగారు అంటారు. కాగితం మీద రాయడానికి నాకూ మనసొప్పదు. ఒంటినిండా చారలుంటాయి, అంతవరకే చెబుతాను. వెళ్లడం, పడటం, పోవడం అనే మాటలు కూడా అక్కడ అనరు. తాతగారు వింటే నిజం చేస్తారని మా భయం.

పక్క చెట్టు గీసే తియాలం నాన్న పైనుంచే ఎగతాళి చేశాడు. "ఏంటి మారహాలిం నాన్నా, ఇన్నాళ్లూ మూతి ముడుచుకుని ఇవాళ కూనిరాగం తీస్తున్నావు?"

అలవాటుగా వెనక్కి చూసి అతను పలికాడు. "ఓ మంచి మాట ఉందిలే. ఊళ్లోకొచ్చాక చెప్తాను. ఇక్కడ అనకూడదు."

"అయితే కాఫీ ఖర్చు నీదే."

"నాదేలే."

ఎనిమిదో చెట్టు దిగి, నిండిన గొట్టాలు ఒలకకుండా నిలబెట్టి, చెట్టుకు జారబడి కూర్చున్నాడు. సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినిపించాక తియాలం నాన్న వచ్చి చూశాడు.

"మారహాలిం నాన్నా" అని పిలిచాడు. మొదటిసారిగా అతను వెనక్కి తిరిగి చూడలేదు.

శుక్రవారం పొద్దున్న ఖననం అయింది. సిదెంపువాన్ మనుషులు అన్నమాట ప్రకారం వచ్చి, చావు ఇల్లని తెలిసి చాప అంచున కూర్చున్నారు. మారహాలిం నాన్న తమ్ముడు కూడా దెర్హానాకు మామ వరసే, ఎదురుగా మాట్లాడకూడదు. ఆయన పెనం వైపు తిరిగాడు.

"పెనమా, అన్నయ్య ఏమైనా మాటిచ్చాడేమో అడుగు."

"ఊళ్లోకొచ్చి ఏదో మంచి మాట చెప్తానన్నాడు. ఏ మాటో మరి" అన్నాడు తియాలం నాన్న.

అందరూ దడి వెనకున్న దెర్హానా జవాబు కోసం చూశారు. మాటిచ్చారు అని ఒక్క అబద్ధం చాలు, తోట, కాపురం, ముందున్న బతుకు ఆమెవే. నిన్నటిదాకా తను అన్నం పెట్టిన మనిషి నోట్లో ఇప్పుడు అనని మాట కూడా పెట్టాలా?

"లేదని చెప్పు, పెనమా" అంది దడి వెనక నుంచి.

సిదెంపువాన్ వాళ్లు కాఫీ తాగి, మర్యాదగా చేతులు కలిపి వెళ్లిపోయారు.

జనం పలచబడ్డాక ఆమె దడి దాటి వచ్చింది. ఇప్పుడు దాటొచ్చు, అవతల ఎవరూ లేరు. పనిని సగంలో వదిలే మనిషి కాదే ఆయన, అంత తొందరేమొచ్చింది అనుకుంటూ వంగి చూసింది. పెనం సగం తళతళలాడుతోంది, మిగతా సగంలో ఎండిన బూడిద మీద ఐదు వేళ్లు ఆగిన గుర్తు ఉంది.