వలిసె పూలు పూసే వారం

పులుసులో మునక్కాయ ముక్కలు వేస్తూ, నడుము దగ్గర దోపుకున్న ఇన్‌లాండ్ ఉత్తరాన్ని రాజ్యలక్ష్మి మరోసారి తడిమి చూసుకుంది. పొద్దున్నే వచ్చింది. రాసింది సత్యలక్ష్మి. ఊరి బడిలో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు, ఆమె ఇప్పుడు అరకులో టీచరు. "ఈసారి వానలు ఆలస్యమే. వలిసె చేలు ఇంకా మొగ్గ కూడా తొడగలేదు. దసరాకి వస్తే ఆకులు చూసిపోతావు. కార్తీక పౌర్ణమి దాటాక రా. లోయంతా పసుపు ఆరబోసినట్టుంటుంది."

ఇంకొన్నాళ్ళు ఆగి వెళ్దామని భోజనాల దగ్గర భర్తకు చెప్పాలి.

పెళ్ళయి పదకొండేళ్ళు, ఫిల్మ్ నగర్‌లో ఈ అద్దె వాటాకు వచ్చి ఆరేళ్ళు. త్రినాథరావు జూబిలీహిల్స్‌లో ఒక సినిమా కంపెనీకి ప్రొడక్షన్ మేనేజరు. ఆయన షూటింగులకి వెళ్ళొచ్చే ఊటీ అంటే ఆమెకు ఆయన ప్యాంటు అంచున అంటుకొచ్చిన మట్టే. నానబెట్టి, రుద్ది, జాడించిన మట్టి. అలాంటిది ఆషాఢంలో ఒకరోజు ఆయనే అన్నాడు, "దసరాకి నాలుగు రోజులు అరకు వెళ్దాం. ఎలా వెళ్ళాలో, ఏం చూడాలో అన్నీ నువ్వే రాసిపెట్టు" అని. "పల్లెటూరి బడి చదువు, ఉత్తరమ్ముక్క రాసుకోడానికి తప్ప దేనికీ కాదు" అనే అత్తగారి మాట వింటూ ఇన్నేళ్ళు గడిపిన మనిషి, ఆ మధ్యాహ్నమే పొడుగాటి నోటుపుస్తకం తెప్పించుకుంది. సత్యలక్ష్మికి ఆరు ఉత్తరాలు రాసింది. రైల్లో ఏ పక్క కిటికీ దగ్గర కూర్చోవాలి, పొగమంచు ఏ గంటకి లేస్తుంది, ఆడది మొహమాటపడకుండా చీర మార్చుకోవాలంటే ఎవరింటి తలుపు తట్టాలి, అన్నీ అడిగి రాసుకుంది. ఆయన ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా ఆ పుస్తకం తిరగేసేవాడు. "ఎండ ఎటు నుంచి పడుతుందో కూడా రాయి రాజీ." ఇంకా రాయమని ఆమెను అడిగినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. ఎంత ముచ్చటపడుతున్నాడో అనుకుంది.

మధ్యాహ్నం ఆయన వెంట నిర్మాత అచ్యుతరామయ్య భోజనానికి వచ్చాడు. మొదటి ముద్దకే మొదలుపెట్టాడు.

"మీ ఆయన మామూలోడు కాదమ్మా. షూటింగ్‌కి ముందు వెళ్ళి చోటు చూసి రమ్మంటే అందరూ బాగుందండీ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. ఈయనేమో అరకులో మంచు ఏ గంటకి లేస్తుందో, ఆడవాళ్ళు చీర మార్చుకోడానికి ఏ ఇల్లు అడగాలో కూడా రాసుకొచ్చాడు. వినాయక చవితి వెళ్ళాక మూడు రోజులు అక్కడే తిరిగాడంట. ఎల్లుండే బయల్దేరుతున్నాం. పసుపు పూల మధ్య పాట."

ఆమె నేతి గిన్నె కింద పెట్టి భర్త వైపు చూసింది. ఆ మూడు రోజులూ ఆయన జ్వరంతో ఈ గదిలోనే పడుకుని, ఆమె కాచిన సగ్గుబియ్యం జావ తాగాడు. ఇప్పుడు తల ఎత్తకుండా, అన్నంలో గుంట చేసుకుని పులుసు కోసం చూస్తున్నాడు.

"మీరూ ఒకసారి చూడాలమ్మా ఆ చోటు" అన్నాడు అచ్యుతరామయ్య.

"అలాగేనండీ" అని ఆమె పులుసు వడ్డించింది.

అచ్యుతరామయ్యను కారెక్కించి త్రినాథరావు వంటింట్లోకి వచ్చాడు. "పెద్దాయన ముందు మొహం అలా పెడితే ఎలా?"

"నా పుస్తకం ఏదండీ?"

"ఆఫీసులో ఉంది. టైపు కొట్టించాను. మనలో మనకి నీది నాది ఏంటి రాజీ?"

"మరి మనం వెళ్ళేది?"

"యూనిట్‌తో పెళ్ళాన్ని వెంటేసుకెళితే నవ్వుతారు. వచ్చే ఏడు చూద్దాం." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "అవునూ, ప్రయాణానికి జంతికలు చేశావుగా. ఆ డబ్బా నాకు సర్దు. డైరెక్టరుగారికి ఇష్టం."

అడిగి ఉంటే ఇచ్చేదే. దగ్గర కూర్చుని అక్షరం అక్షరం చదివి వినిపించేది కూడా. తను ముచ్చట అనుకున్నది పని చేయించుకోవడమని తెలిశాక, ఆ ఆషాఢం నుంచి తనలో తాను నవ్వుకున్న నవ్వులన్నీ గుర్తొచ్చి రాజ్యలక్ష్మికి సిగ్గేసింది. మోసం చేసింది ఆయనైతే సిగ్గు తనకెందుకో ఎంత ఆలోచించినా తెలియలేదు.

"ఏందమ్మా, గట్ల నిలబడ్డవ్?" పెరట్లో అంట్లు తోముతున్న మల్లమ్మ తొంగిచూసింది. షేక్‌పేట నుంచి వచ్చే ఆమె చెవిని పడని మాట ఈ ఇంట్లో లేదు. "సారు పోతుండట గదా. నువ్వు పోతలేవా?"

"పోతాను మల్లమ్మా."

"గిన్నె గిన్నెకి గదే ముచ్చట చెప్తివి గదమ్మా ఇన్ని దినాలు. ఎప్పుడు మరి?"

"కార్తీకంలో. నేనొక్కదాన్నే."

ఆ మాట తన నోటి నుంచి విన్నాకే అది నిజమని ఆమెకు తెలిసింది. జంతికల డబ్బాను అటక మీదికి ఎక్కించి, సత్యలక్ష్మికి కార్డు రాసి, తనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చింది.

సాయంత్రం పెట్టె సర్దుకుంటూ త్రినాథరావు పిలిచాడు. "రాజీ, పూలు ఉంటాయి కదా? పాటంతా వాటి మీదే."

ఉత్తరం అంచు నడుముకు గుచ్చుకుంది. పదకొండేళ్ళుగా ఆయన మరిచిన తాళాలు, కళ్ళజోడు, మందులు వీధి చివరిదాకా పరుగెత్తి అందించింది తనే. ఇప్పుడూ ఒక్క మాట చాలు. ఆమె ఆయన చొక్కాను మడత నలగకుండా పెట్టెలో పెట్టి, చేతులు వెనక్కి తీసుకుంది.

"నాకేం తెలుసండీ. మూడు రోజులు అక్కడ తిరిగింది మీరు కదా."