ఏడో కోడి

మార్చి పంతొమ్మిది. ఆ పొద్దున అక్క ఇంట్లో రెండు ఉడకబెట్టిన గుడ్లూ, అంచు మాడిన బ్రెడ్డు ముక్కా తిన్నట్టు ల్యాబ్ మాస్టారికి ఇంకా గుర్తు. సాయంత్రం కోళ్ళగూడు మూయడానికి దిగుతూ అక్క మెట్ల మీద జారిపడింది. మోకాలు నుజ్జయింది.

మాస్టారు కాలేజీ ఫిజిక్సు ల్యాబులో పనిచేస్తారు. భార్య పోయాక రెండు వీధుల అవతలున్న అక్క దగ్గరే తింటున్నారు. సాయంత్రం బ్యాచీలు ముగిసేసరికి రోజూ ఎనిమిదవుతుంది. అక్క కూతురు నర్సు. ఆమెకూ సాయంత్రాలే డ్యూటీ. పొద్దుగూకే వేళకి అక్కా, ఏడు కోళ్ళూ, గోడ మీద కాచుకున్న పిల్లీ తప్ప ఇంట్లో ఎవరూ ఉండరు.

"కోళ్ళని ఎవరికైనా ఇచ్చేద్దాం మామయ్యా," అంది మేనకోడలు. "అమ్మ మళ్ళీ పడితే లేపేదెవరు?"

"నాకు నెల రోజులు గడువియ్యవే," అన్నారాయన.

గూటి తలుపు పలకకి తాడు కట్టి మేడ మీద అక్క గది కిటికీ దాకా లాగడం ఒక్క పూట పని. తాడు వదిలితే పలక దిగుతుంది. చిక్కల్లా కోళ్ళన్నీ లోపలికి చేరాయో లేదో అక్కకి పైనుంచి కనబడకపోవడమే. ఒక్కటి బయట మిగిలినా పిల్లికి విందే. అందుకని గూట్లో కెమెరా పెట్టి కోళ్ళని లెక్కబెట్టించడానికి ఆయన అరచేతిలో ఇమిడే కంప్యూటరు ఒకటి తెచ్చారు. పెట్టె లేదు, తెర లేదు, ఒట్టి పచ్చటి పలక.

అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేం కంప్యూటర్రా? దీనికి బట్టలెక్కడ?"

మొదటి వారమంతా అది సొమ్మసిల్లుతూనే ఉంది. పాత ఫోన్ చార్జరు పెట్టారు మరి. కెమెరా తెరిచి లెక్క మొదలుపెట్టగానే కరెంటు చాలక ఆరిపోయేది. చార్జరు మారిస్తే కంప్యూటరు వేడెక్కింది. దానికో చిన్న ఫ్యాను అమర్చారు. ఆ తరవాత కోడంటే ఏమిటో దానికి నేర్పాలి. మూడొందల ఫోటోల్లో ఒక్కో కోడి చుట్టూ గీత గీసి, ఇది కోడి అని చెప్పాలి. ఆయనకి తీరిక పగలే. పగలు కోళ్ళు గూట్లోకి రావు. పసుపు గిన్నెలో గింజలు పోసి లోపల పెడితే ఏడూ వచ్చి తలలు దూర్చేవి. పది రోజులు అలా ఫోటోలు తీసి, గీతలు గీసి, ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

ఓ సాయంత్రం సెలవు పెట్టి చూశారు. కోళ్ళన్నీ గూట్లో ఉన్నాయి. లెక్క చూపడానికి అక్క కిటికీ దగ్గర పెట్టిన చిన్న తెర మీద సున్నా. ఏదో అనుమానం తగిలి, మర్నాడు పగలు ఖాళీ గూట్లో పసుపు గిన్నె పెట్టారు. తెర మీద రెండు.

"గిన్నె గుడ్లు పెడుతుందేమో చూడు," అంది అక్క.

ఆయన మెట్ల మీద కూలబడ్డారు. ప్రతి ఫోటోలోనూ కోడి ముక్కు గిన్నెలోనే ఉంది. కంప్యూటరు నేర్చుకున్నదీ గిన్నెనే. భార్య ఉంటే ఇలాంటప్పుడు మాటాడకుండా ఓ గ్లాసు మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టేది. కాసేపటికి పైనుంచి బుట్టొకటి తాడుకి వేలాడుతూ దిగింది. అందులో ఫ్లాస్కు. టీ వేడిగానే ఉంది.

మిగిలిన సెలవులన్నీ పెట్టేసి, గిన్నె లేకుండా, మసక వెలుతుర్లో మళ్ళీ మొదటి నుంచి ఫోటోలు తీశారు.

గడువు ముగిసిన ఆదివారం మేనకోడలు కిటికీ దగ్గర నిలబడింది. చీకటి పడుతోంది. తెర మీద నాలుగు, ఐదు, ఆరు. అక్కడే ఆగిపోయింది.

"ఏడు కదా మామయ్యా?"

"నల్లకోడి మసకలో కెమెరాకి ఆనదే," అన్నారాయన. వాదించే ఓపిక కూడా లేదు. ఇచ్చేద్దాంలే అన్న మాట నోటిదాకా వచ్చింది.

అక్క కిటికీలోంచి వంగింది. "ఒసేయ్ నల్లదానా, పడుకున్నావా?"

గూటి లోపల్నుంచి విసుగ్గా కొక్ అన్న అరుపు వినిపించింది.

"పిలిస్తే పలుకుతాయా?" అంది మేనకోడలు. "మరి ఈ మిషనెందుకమ్మా?"

"అదొక్కతే పలుకుతుంది. మిగతా ఆరూ నీలాంటివే. ఎంత పిలిచినా వినిపించుకోవు."

మేనకోడలు నవ్వాపుకుంటూ తెరవైపు మళ్ళీ చూసింది. "సరే. ఆరు వస్తే నల్లదాన్ని పిలు. అంతకన్నా తక్కువొస్తే నాకు ఫోన్ చెయ్యి. నువ్వు మాత్రం మెట్లు దిగకూడదు."

"దిగనులేవే."

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. అక్క కొక్కేనికి చుట్టిన తాడు విప్పి కొద్దికొద్దిగా వదిలింది. కింద గూటి పలక చప్పుడు చెయ్యకుండా దిగి మూసుకుంది.