రూపర్ట్ దొర తలకు తగిలిన దూలం

ఇంగ్లండులో సఫోక్ ప్రాంతపు ఒక రైతు ఇంట్లో, మేడమీద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నాలుగు శతాబ్దాలు అడ్డంగా పడుకున్న ఓక్ దూలాన్ని నేను. పడుకోవడమంటే విశ్రాంతి అనుకునేరు. పైకప్పు బరువుకు గోడలు బయటికి ఒరిగిపోకుండా రెంటినీ పట్టి ఉంచడమే నా ఉద్యోగం.

నన్ను పచ్చి మానుగా ఉన్నప్పుడే చెక్కారు. ఒక్క ఇనుప మేకు లేకుండా, బెజ్జంలో కొస దూర్చి, చెక్క చీలలు దిగగొట్టి స్తంభాలకు బిగించారు. స్తంభాల మధ్య తడికలల్లి, మట్టీ పేడా గడ్డీ కలిపి మెత్తారు. మీ వైపు తడికగోడ అని కూల్చేసేదాన్నే ఇక్కడ వారసత్వ సంపద అని టికెట్టు పెట్టి చూపిస్తారు.

కాస్త డబ్బు చేరగానే ఆ ఇంటివాళ్లకు నేను నామోషీ అయ్యాను. ఒక తరం సున్నం పూసింది, ఇంకో తరం పలకలు కొట్టి దాచేసింది. చివరికి లండన్‌లో వకీలు పని చాలించిన రూపర్ట్ ఆష్‌కోమ్ ఇల్లు కొని, నన్ను బయటికి తీసి, పాతదానిలా కనబడాలని నల్లరంగు వేయించాడు. నా వయసు చాలలేదు కాబోలు.

ఆయన పొడగరి. పడకగదికి వెళ్లినప్పుడల్లా నుదురు నాకు తగిలేది.

"కాస్త వంగితే పోయేదేముంది రూపర్ట్?" అంది భార్య వినిఫ్రెడ్, బొప్పికి మందు రాస్తూ.

"నా ఇంట్లో నేను వంగాలా?"

మర్నాడే రంపం వచ్చింది. "అదేం ఊరికే లేదక్కడ. తెలిసినవాళ్లనెవరినైనా అడుగు," అని ఆమె అడ్డం నిలబడింది.

"కొన్నది నేను," అన్నాడాయన. నా నడుమ మనిషి పట్టేంత ముక్క కోయించి, రొమ్ము విరుచుకుని అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు.

గోడలు అరవవు, ఒరుగుతాయి. ముందు కిటికీలు బిగుసుకున్నాయి. "చెమ్మ," అన్నాడు. మూల పగిలింది. "పాత ఇంటికి అదో అందం," అన్నాడు. ఒక ఆదివారం అతిథులు టీ తాగుతుండగా తూర్పుగోడ తోటలోకి కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, వినిఫ్రెడ్ పెంచుకున్న గులాబీలన్నీ మట్టిపెళ్లల కింద నలిగిపోయాయి. ఆమె వంగి ఒక్కో పెళ్లా తీసి పక్కన పెట్టసాగింది.

ఇప్పుడు నా చోట ఇనుప దూలం ఉంది. చెక్కలా కనబడేందుకు దానికో ప్లాస్టిక్ తొడుగు. నన్ను తోటలో బెంచీ చేశారు. మొన్న పాతకట్టడాల శాఖ ఆఫీసరొచ్చి ఇల్లంతా చూసి, నా మీద కూర్చుని, ఆ తొడుగును తెగ మెచ్చుకున్నాడు.

"అంతటి ఓక్ ఇప్పుడెక్కడ దొరుకుతుందండీ!"

రూపర్ట్ తన బూట్ల వంక చూసుకున్నాడు.

"మీ కిందే ఉంది," అంది వినిఫ్రెడ్. "కాస్త జరగండి, నాకూ చోటివ్వండి."