తొమ్మిది మిల్లీమీటర్ల ఉప్పలూరు

ఇల్లు తుడిచాక పట్టాలు తుడుస్తాను. రెండు పట్టాల మధ్య తొమ్మిది మిల్లీమీటర్లు, అంటే నా చిటికెన వేలి గోరంత. అంత చిన్న బొమ్మ రైలు ఆగిపోవటానికి కంటికి కనపడని నలుసు చాలు. అందుకే పాత మంగళగిరి చీర చింపి, ఆ గుడ్డని స్పిరిట్‌లో తడిపి రోజూ తుడుస్తాను. ఇంజను, కరెంటు పెట్టె మా ఆయన విశ్వేశ్వర్ కొన్నారు. వైర్లు కలిపింది కూడా ఆయనే, కాదనను. మిగతా ఉప్పలూరు స్టేషనంతా బల్ల మీద నేను కట్టాను. వాడేసిన టీపొడి ఎండబెట్టి నేల పరిచాను. పాత బ్రష్షుల కుచ్చులు కత్తిరించి వరిచేను నాటాను. పెళ్ళికి ముందు మూడేళ్ళు అసలు ఉప్పలూరు స్టేషన్లోనే పాసింజరెక్కి బెజవాడ కాలేజీకి వెళ్ళాను. గేటు పక్క బోరింగు ఎటు వంగి ఉండేదో నా చేతికే తెలుసు.

"పప్పు మాడుతోంది, నీకెందుకే ఆ రైలు?" అనేవారు మా అత్తగారు రావమ్మగారు. కొడుకు దాని ముందు కూర్చుంటే మాత్రం, "మగాడన్నాక ఏదో ఒక పిచ్చుండాలి, పేకాట కన్నా నయం కాదూ," అంటూ కాఫీ పంపించేవారు. ఆ కాఫీ కలిపేదీ నేనే. చిన్న పట్టకారుతో బొమ్మ తాటిచెట్టుకి ఒక్కో ఆకూ అంటిస్తుంటే కుక్కరు కూసేది. లేచి వెళ్ళొచ్చేసరికి జిగురు ఆరిపోయేది. ఈ స్టేషను కట్టిన రెండేళ్ళలో ఆయన జిగురు ఒక్కసారీ ఆరిపోలేదు.

మొన్న ఆదివారం బందరు రోడ్డులో ఒక కాలేజీ హాల్లో బొమ్మ రైళ్ళ ప్రదర్శన. మా బల్ల మీద ఆయన నిలబెట్టిన అట్ట: "నిర్మాణం: విశ్వేశ్వర్. సహకారం: కుటుంబ సభ్యులు." నా కళ్ళూ, వేళ్ళూ, నడుమూ కలిసి కుటుంబ సభ్యులయ్యాయన్నమాట.

ఉప్పలూరు గేటు దగ్గర పనిచేసి రిటైరైన హనుమయ్యగారట, వంగి చూసి, "ఓర్నీ, ఆ బోరింగు! సరిగ్గా ఇటే వంగుండేదండీ. మీకెలా తెలిసింది సార్?" అన్నారు.

"చాలా రీసెర్చ్ చేశానండీ," అన్నారు ఈయన. ఆ స్టేషన్లో ఒక్కసారీ దిగని మనిషి. నేను పక్కనే ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఇంతలో బహుమతులు నిర్ణయించేవాళ్ళు మా బల్ల దగ్గరికి వచ్చారు. సరిగ్గా అప్పుడే కాలవ వంతెన మధ్యలో రైలు ఆగిపోయింది. ఆయన స్విచ్చి నొక్కారు, మళ్ళీ నొక్కారు. వేలితో తోస్తే ఇంజను పక్కకి ఒరిగింది.

"జ్ఞానేశ్వరీ, ఆ గుడ్డేదీ? తొందరగా తుడువు," అన్నారు నా చెవి దగ్గర.

సంచిలోంచి గుడ్డ తీశాను. దాంతోపాటు పెన్నూ తీశాను. "అట్ట మీద నా పేరు రాయండి. నిర్మాణం అన్నచోట."

"ఇంతమంది ముందా? ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాంలే."

"రైలు ఇక్కడ ఆగిందండీ."

ఆయన పెన్ను లాక్కుని గబగబా రాశారు: "నిర్మాణం: విశ్వేశ్వర్, శ్రీమతి విశ్వేశ్వర్."

ఇరవై రెండేళ్ళుగా, ఇప్పుడు కూడా, నోటినిండా పిలిచిన పేరు. రాయటానికి ఆయనకి చెయ్యి రాలేదు.

గుడ్డ మడిచి మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాను.