ఐసు అరలో చేపపొడి

జల్లెడ కనిపించకపోతే జల్లెడ పోయినట్టే కదా, ఇంట్లోనే ఉంది ఇంట్లోనే ఉంది అంటే సరిపోతుందా, ఇల్లంటే పెరట్లో చేపల తొట్లు కూడా కలుపుకునా, అని ఆమె పిండి గిన్నె పక్కకి జరిపి చేతులు దులుపుకుంటూ అనుకుంటోంది, పైకి కూడా కొంచెం అనేసినట్టుంది, ఎందుకంటే భర్త గుమ్మంలో నిలబడి, ఒక్క జల్లెడకి ఇంత రాద్ధాంతమా, మేతలోకి సోయాపిండి జల్లించుకుందామని తీసుకెళ్లాను, కడిగే తెచ్చాను కదా అంటున్నాడు, కడిగారా, కడిగితే ఈ అంచున పచ్చగా ఏమిటిది, అది సోయానే, తినేదే, అంత తినేదే అయితే మీ కొరమేను పిల్లలెందుకు తినడం లేదు, అనేసింది, అన్నాక నాలుక కరుచుకుంది, ఎక్కడ తగలకూడదో అక్కడే తగిలింది మాట, ఆయన చెప్పులు వేసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు, కిటికీలోంచి ఆయన వీపు కనిపిస్తోంది, చొక్కా భుజాల మీద పిండి తెల్లగా, దులుపుకోవాలని కూడా తోచదు ఆ మనిషికి, ఆమె జల్లెడ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది, పచ్చిపిండి వాసన, అంతే, ఇంకేదో దొరుకుతుందన్నట్టు మళ్లీ చూసింది, ఏం దొరుకుతుంది, ఏడాదిగా ఆయన చొక్కాల్లోనే దొరకడం లేదు.

ఇదివరకు ఆ చొక్కాలు విడిగా నానబెట్టాల్సి వచ్చేది, చేపపొడి వాసన సబ్బుకి లొంగేది కాదు, తీగ మీద పక్కన ఆరేసిన బట్టలకి కూడా అంటుకునేది, అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది, ఆమె పైకి విసుక్కుంటూనే కాలరు దగ్గర ఒక్క క్షణం ఆగేది, ఎందుకంటే అది భర్త వాసన కావడానికి ముందు నాన్న వాసన, సముద్రం ఒడ్డున నాన్న చేపలు ఎండబెట్టే కళ్లం, పొద్దున వెండిలా మెరిసి సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగే చిన్నచేపలు, రేకుల షెడ్డులో వాటిని పొడిచేసే మర, నాన్న వేళ్ల మధ్య చిటికెడు పొడి నలిపి నాలుక చివర పెట్టుకుని, ఊహూ, ఇంకో ఎండ కావాలి అనేవాడు, ఆయన వీధి మలుపు తిరక్కముందే వాసన ఇంట్లోకి వచ్చేసేది, పిచ్చుకా, తలుపు తియ్యి అనేలోపే ఆమె తలుపు తీసి ఉండేది, నీకెలా తెలుస్తుందే, నీ వాసన ముందొచ్చి చెప్పింది నాన్నా, అయితే రేపట్నించి దాన్నే పంపిస్తాను, నేను అక్కడే పడుకుంటాను, అని నవ్వేవాడు, మేతలో కలపడానికి ఆ పొడి కోసం వచ్చే చేపల పెంపకందారే ఆఖరికి ఆమెని కూడా అడిగాడు, పెళ్లిలో నాన్న అందరితోనూ, బస్తా కొన్నందుకు పిల్లని కొసరు ఇచ్చానండీ అంటుంటే ఆమె మూతి ముడుచుకుంది, నేను కొసరా నాన్నా, కాదే పిచ్చుకా, బస్తాలన్నీ కొసరే, అసలు నువ్వే, అన్నాడు, అని పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు, ఆ చేతులకి కూడా అదే వాసన.

మర ఆపింది కూడా నాన్నే, ఎవరూ ఆపమనలేదు, ఒకరోజు ఆమె పుట్టింటికి వెళ్లేసరికి తట్ట ముందు కూర్చుని ఒక్కో చేపా ఏరి పక్కన పెడుతున్నాడు, గోరంత చేపలు, చూడు పిచ్చుకా, ఇవి చిన్నజాతి కావు, పెద్దజాతి పిల్లలు, పెరగాల్సినవి, మీ తొట్లో పిల్లల్ని మేపడానికి నేను సముద్రంలో పిల్లల్ని పిండి కొడుతున్నాను, అల్లుడుగారికి చెప్పు, గింజల వైపు చూడమను, సోయా అంటున్నారు, బఠాణీ అంటున్నారు, అని షెడ్డుకి తాళం వేసేశాడు, తాళం వేసే ముందు మిగిలిన మంచి చేప ఆడించి ఒక డబ్బాకి ఎత్తి, బస్సు ఎక్కాక ఆమె చేతిలో పెట్టాడు, పెట్టి ఏదో అన్నాడు, దాచుకో అన్నాడా వాడుకో అన్నాడా, అప్పుడు బస్సు కదులుతోంది, ఆమె కిటికీలోంచి తలూపింది, ఆ వానల్లోనే నాన్న పోయాడు, ఇప్పుడు ఎంత గింజుకున్నా ఆ ఒక్క మాటా గుర్తు రాదు, డబ్బా ఫ్రిజ్‌లో పైన ఐసు అరలో ఉంది, మూతకి చుట్టూ టేపు, మూలన, చల్లగా ఉంటే పాడవదని తనే పెట్టింది, అత్తగారు ఒకసారి ఐసు కోసం చెయ్యి పెట్టి, బాగుందమ్మాయ్, మీ నాన్నగారిని తీసుకొచ్చి ఐసులో కూర్చోబెట్టావు, చలి వెయ్యదూ పాపం, అంది, నవ్వించాలనే అంది, ఆమె నవ్వింది కూడా, తర్వాత స్నానాలగదిలోకి వెళ్లి నీళ్లు వదిలి చాలాసేపు నిలబడింది, అత్తయ్యకి తెలియదు, తనకి చలి వేసినట్టయింది.

టీ చల్లారిపోతోందని, లేకపోతే నోరు జారినందుకని, గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్లింది, మూడో తొట్టి గట్టు మీద అత్తగారు, పక్కన మనవరాలు, భర్త వంగి గుప్పెడు గుళికలు నీళ్లలో చల్లుతున్నాడు, చేపపొడి ఒక్క రవ్వ కూడా లేని మేత, ఆవిరికి ఉడికించి మరలో వత్తి ఎండబెట్టినవి, చూడ్డానికి పాతవాటిలాగే ఉన్నాయి, అడుగుల చప్పుడుకి పిల్లలన్నీ ఒక్కసారి పైకి వచ్చాయి, అబ్బ, ఎంత ఆశగా వచ్చాయి, నోట కరుచుకున్నాయి, అంతలోనే తూ అన్నట్టు ఉమ్మేశాయి, నాన్నా, అచ్చం నేను మందుబిళ్ల ఉమ్మేసినట్టే అంది కూతురు, ఎవరూ నవ్వలేదు, గుళికలు మెత్తబడి అడుక్కి దిగిపోతున్నాయి, చేపలు అక్కడే, ఎప్పుడూ మేత పడే మూలనే, తలలన్నీ ఒకే వైపు పెట్టి నిలబడ్డాయి, ఒకదానిమీద ఒకటి పళ్లు నూరుకునే వేళ కూడా దగ్గరపడింది, కొరమేను ఆకలేస్తే పక్కదాన్నే కొరుకుతుంది, ఇవి ఈ మేత కూడా తినకపోతే తొట్లు ఎండగట్టేస్తాను, ఐస్ ఫ్యాక్టరీ వాళ్లు పనికి రమ్మంటున్నారు, దూరమే అనుకో, వారానికోసారి వస్తాను అని ఆయన నీళ్లతో అన్నాడు, ఆమెతో కాదు, బజారులో దొరికే పొడి సగం ఇసుక, వాసన లేదు, పైన అద్దడానికి మంచి పొడి కొంచెం ఉంటే చాలు, ఆ వాసనకి మింగుతాయి, మింగడం అలవాటయ్యాక రోజూ కొంచెం తగ్గించుకుంటూ పోవచ్చు, అని ఠక్కున ఆపేశాడు, ఆపేసి గట్టు మీద లేని మట్టి తుడిచాడు, డబ్బా సంగతి ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా ఎత్తలేదు ఈ మనిషి, జల్లెడ అడక్కుండా ఎత్తుకుపోతాడు గానీ.

అత్తగారు ఊరుకోలేదు, మానుకోమంటే ఎవరు మానుకుంటారురా, మాన్పించాలి, ఇదిగో దీని చేత మీ ఆవిడ ఒక్కరోజులో పాలు మాన్పిద్దామని చూసింది, ఇది ఏడ్చి ఇల్లెగరగొట్టింది, నేను చెప్పాను, జావలోనే తల్లిపాలు కలిపి పట్టు, రోజూ ఒక చెంచా తగ్గించు అని, ఎప్పుడు మానిందో దానికే తెలీదు, అబ్బా నానమ్మా, ఆ కథ ఇప్పుడెందుకు, అని పిల్ల లోపలికి పరిగెత్తింది, ఆమె మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది, మానడం, తిండి మానేశాయి అంటాం, గాయం మానింది అని కూడా అంటాం, రెండింటికీ ఒకటే మాట ఎందుకు పెట్టారో, పెట్టినవాళ్లకి ఏం తెలిసి పెట్టారో, ఆమె ఒక్కరోజులో మానేసింది, తలుపు తియ్యడం, కాలరు దగ్గర ఆగడం, అన్నీ ఒక్కరోజులో, మూత బిగించి టేపు చుట్టి, ఏడాదిగా ఒక్కసారి కూడా వాసన చూడలేదు, చూస్తే తగ్గిపోతుందని, తగ్గకుండా దాచి ఏం చేసింది, సాయంత్రం వీధి మలుపులో ఎవరి అడుగులు వినిపించినా తలెత్తుతుంది, ఎవరో అని తెలిశాక దించుకుంటుంది, ఆ చేపల్లాగే, ఎప్పుడూ మేత పడే మూలనే.

మధ్యాహ్నం అందరికీ వడ్డించి తనూ కూర్చుంది, ఆయన కంచంలోకి చూస్తూ కలిపిందే కలుపుతున్నాడు, రేపటికి కూడా ఇంతే అయితే ఐస్ ఫ్యాక్టరీకి కబురు చేసేస్తానమ్మా అని తల్లికి చెబుతున్నాడు, ఆమె నీళ్లు ఒక గుక్క తాగింది, కబురూ వద్దు ఏమీ వద్దు, ఐసులో డబ్బా ఉంది, సాయంత్రం మేతకి అది తీస్తున్నాను, గుళికలకి నేనే అద్దుతాను, రోజూ ఎంత తగ్గించాలో కూడా నేనే చూస్తాను, అంది, కూతురు ముద్ద నోటి దగ్గరే ఆపింది, అమ్మాయ్, నేనేదో నోటికొచ్చిందన్నాను, అదేం మనసులో పెట్టుకోకు అంది అత్తగారు, లేదత్తయ్యా, మీరన్నది నిజమే, నాన్నకి చలి, అంది, భర్త తలెత్తి, మూత తీస్తే వాసన పోతుందేమోనే అన్నాడు మెల్లిగా, పోనివ్వండి, పోయేది మన తొట్లోకే కదా, ఇన్నాళ్లూ ఎటూ పోకుండా ఉంది గానీ నా దగ్గర మాత్రం ఎక్కడుంది, అంది, అంటూనే తెలిసింది ఆమెకి, దాచుకో అన్నాడో వాడుకో అన్నాడో ఇక గుర్తు రాకపోయినా పరవాలేదు, చేపపిల్లలు బతకాలని మర ఆపినవాడు దాచుకోమని ఎందుకంటాడు, పొడి ఉండలు కట్టి ఉంటుంది, జల్లించాలి, ఆ జల్లెడ మళ్లీ తీసుకెళ్లండి, అంది, ఆయన సరేనన్నట్టు తలూపి, ఈసారి శుభ్రంగా కడిగి తెస్తాలే అన్నాడు, వద్దు, కడక్కండి, అంది, కడక్కుండా నాకివ్వండి.