మధ్యలో దూర్చిన గడి

మా మరిదికి సర్దుడు పిచ్చి. ఇంట్లో చెప్పుల జతలు కూడా సైజుల వారీగా పేరుస్తాడు. ఇంటికి అది అందమే. అదే చేత్తో, ఇద్దరం పనిచేసే ఆఫీసులో, నేను చూసుకునే కోడ్ లైబ్రరీని, అంటే మిగతా ప్రోగ్రాములన్నీ వాడుకునే ఉమ్మడి కోడ్‌ని కూడా సర్దాడు చూడండి, అక్కడే కొంప ముంచాడు.

ఆ మధ్యాహ్నం నేను సెలవులో ఉన్నాను. ఆపరేషనైన మా అక్క మంచం పక్కన, ఆసుపత్రి వార్డులో కూర్చున్నాను. నొప్పి తెలియకుండా అక్క నరంలోకి మందు పంపే పంపు మా కంపెనీదే. నర్సు వచ్చి, "మీవాళ్ళ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందండీ, వార్డు మొత్తానికీ ఎక్కించేశాం," అంటూ దాన్ని మళ్ళీ ఆన్ చేసింది.

తెర మీద వేగం అరవై రెండు అని పడింది. అంతకుముందు ఐదు ఉండేది.

అరవై రెండు అక్క బరువు. నిన్న తూకం చూసి ఏడిపించింది నేనే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పంపు ఆపేసి గొట్టం మీది క్లిప్పు బిగించేశాను.

"అయ్యో, మీరు ముట్టుకోకూడదండీ!"

"వేగం బదులు బరువు చదువుతోందమ్మా! ఆ పక్కాయన తెర చూడండి!"

పక్క మంచం మీది భారీ మనిషి తెర మీద తొంభై ఒకటి ఉంది. నర్సు ఇంకో మాట అడగలేదు. మంచం మంచానికీ పరుగెత్తుతూ క్లిప్పులు బిగించింది.

నేను మరిదికి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"వదినా, టెస్టులన్నీ పాసయ్యాయి!"

"ఎందుకు పాసవ్వవూ? నీ దగ్గర అన్ని ప్రోగ్రాములూ కొత్త లైబ్రరీకి తగ్గట్టు మళ్ళీ బిల్డ్ చేసుకున్నావు. ఇక్కడ మోటారు తిప్పేది పాత ప్రోగ్రాము. మనకు రాసిచ్చిన బయటి కంపెనీ ఎప్పుడో మూతపడింది, దాన్ని మళ్ళీ బిల్డ్ చేసే నాథుడు లేడు. అది పేర్లు చూడదయ్యా, గళ్ళు లెక్కపెడుతుంది. మూడో గడిలో ఏముంటే అదే వేగం. అక్కడ ఏం పెట్టావు?"

"బరువు. పేషెంటు వివరాలన్నీ ఒకేచోట ఉంటే బాగుంటుందని..."

"కొత్తవి వస్తే పెట్టుకుందామనే కదా చివర్లో ఖాళీ గళ్ళు వదిలాను?"

"అవి చెత్తనుకుని తీసేశాను వదినా."

"ముందు పాతది వెనక్కి పంపు. తిట్లు తర్వాత తిందువుగాని!"

ఈలోగా అక్కకు మందు ప్రభావం తగ్గిపోయింది. దుప్పటి గుప్పిట పట్టి మెలికలు తిరగసాగింది. డాక్టరు వచ్చి చూసి, ఈ మందు ఎక్కువైతే ఊపిరే ఆగిపోతుందని, లోపలికి ఎంత పోయిందో తేలేదాకా ఇంకో చుక్క ఇవ్వనన్నాడు.

"ఆ క్లిప్పు తియ్యవే," అంది అక్క.

"కాసేపు ఓర్చుకో అక్కా."

"ఓర్చుకోలేనే. చిన్నప్పటినుంచీ నీ పంతమే నీది. చచ్చిపోతున్నానే, వదులు!" చెయ్యి చాచి క్లిప్పు అందుకోబోయింది. నేను దాన్ని పిడికిట్లో దాచేశాను. ఏడుపు ఆగలేదు నాకు. అయినా వదల్లేదు. నోటికొచ్చినట్టు తిట్టింది. నన్ను కన్నందుకు అమ్మను కూడా కలిపి తిట్టింది.

తెర నల్లబడింది. మళ్ళీ వెలిగింది. ఐదు.

నా కళ్ళను నేనే నమ్మలేక నర్సును చదవమన్నాను. "ఐదేనండీ," అంది. డాక్టరు అక్క నాడి, ఊపిరి, పంపు లెక్కా చూసుకుని తలూపాడు. అప్పుడు వదిలాను.

అక్క మొహం నెమ్మదిగా తేటపడుతుండగా మరిది రొప్పుతూ వచ్చాడు. "బరువు చివరికి మార్చేశాను వదినా. ఖాళీ గళ్ళు కూడా మళ్ళీ పెట్టాను. ఈసారి పాత మోటారు ప్రోగ్రాముతోనే నడిపి చూస్తాను. నువ్వు సరేనన్నాకే పంపుతాం." ఎడమ కాలికి నల్ల చెప్పు, కుడి కాలికి గోధుమరంగు చెప్పు. దాచుకున్న తిట్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

"కూర్చో," అన్నాను.

అక్క కళ్ళు సగం తెరిచి నన్ను చూసింది. "అంత బతిమాలినా వదల్లేదు కదే. ఇంక నాతో మాట్లాడకు," అని మొహం అటు తిప్పుకుంది.

మాట్లాడకపోతే మానె. దుప్పటి కింద ఆమె ఛాతీ పైకి లేస్తోంది, దిగుతోంది. నేను అదే చూస్తూ కూర్చున్నాను.